అమెజాన్ వర్షారణ్యాల పరిరక్షణ

అమెజాన్ వర్షారణ్యాల పరిరక్షణ అనగా దక్షిణ అమెరికా ఖండంలో అమెజాన్ నది పరీవాహక ప్రాంతమంతటా వ్యాపించి ఉన్న ఉష్ణమండల వర్షారణ్యాలను కలప కోత నుండి, నరికివేత నుండి, మంటల నుండి కాపాడటానికి జరుగుతున్న ప్రయత్నం. ప్రపంచంలో మిగిలి ఉన్న వర్షారణ్యాలలో ఇదే అతి పెద్దది. దీని చెట్లలోను, నేలలోను నిల్వ ఉన్న కర్బనం గాలిలో కలిస్తే భూతాపం మరింత పెరుగుతుంది. అందువలన ఈ అడవి రక్షణ ఒక దేశానికో, ఒక ఖండానికో పరిమితమైన విషయం కాదు.

అడవి నరికివేత అభివృద్ధికి తప్పనిసరి మూల్యమని చాలాకాలం భావించేవారు. ఈ అభిప్రాయం సరికాదని బ్రెజిల్ అనుభవం తెలుపుతున్నది. 2004 నుండి 2012 వరకు ఆ దేశం తన అమెజాన్ ప్రాంతంలో ఏటా జరిగే నరికివేతను సుమారు 84 శాతం తగ్గించగలిగినది. అదే కాలంలో అక్కడ వ్యవసాయోత్పత్తి పెరిగినది. ఆ తరువాత చట్టాల అమలు సడలినపుడు నరికివేత మరల పెరిగినది, అమలు గట్టిపడినపుడు మరల తగ్గినది.

అడవి స్వరూపం

అమెజాన్ వర్షారణ్యం బ్రెజిల్, పెరూ, కొలంబియా, వెనిజులా, ఈక్వడార్, బొలీవియా, గయానా, సురినామ్ దేశాలలోను, ఫ్రాన్సు అధీనంలోని ఫ్రెంచి గయానాలోను విస్తరించి ఉన్నది. ఇందులో సుమారు 60 శాతం బ్రెజిల్‌లోనే ఉన్నది. అడవి విస్తీర్ణం 50 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇక్కడ సుమారు 16,000 జాతుల చెట్లు ఉండవచ్చునని, మొత్తం చెట్ల సంఖ్య 39,000 కోట్ల వరకు ఉండవచ్చునని 2013లో శాస్త్రవేత్తలు అంచనా వేసారు. సుమారు 400 మూలవాసి తెగలవారు ఈ ప్రాంతంలో నివసిస్తున్నారు.

పైకి ఎంత పచ్చగా కనిపించినా ఈ అడవి నేల చాలా చోట్ల సారవంతమైనది కాదు. రాలిన ఆకులు వేడికి, తేమకు త్వరగా కుళ్ళిపోగా, వాటిలోని పోషకాలను చెట్ల వేళ్ళు వెంటనే పీల్చుకొంటాయి. అనగా అడవి సారం నేలలో కంటె చెట్లలోనే ఎక్కువగా ఉంటుంది. చెట్లను కొట్టి తగలబెట్టిన నేలలో బూడిద వలన కొద్ది సంవత్సరాలు గడ్డి బాగా పెరుగుతుంది, తరువాత నేల నిస్సారమవుతుంది. అపుడు పశువుల యజమాని మరికొంత అడవి వైపు కదులుతాడు.

వాతావరణంతో సంబంధం

కర్బన నిల్వ

చెట్లు కిరణజన్య సంయోగక్రియ ద్వారా గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి, అందులోని కర్బనాన్ని కాండంలోను, కొమ్మలలోను, వేళ్ళలోను నిల్వ చేస్తాయి. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. చెట్టును కాల్చినా, కుళ్ళిపోనిచ్చినా ఈ కర్బనం తిరిగి గాలిలో చేరుతుంది. ఒక టన్ను కర్బనం నుండి సుమారు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడు ఏర్పడుతుంది. దట్టమైన అమెజాన్ అడవిలో ఒక హెక్టారులో నేలపై ఉన్న చెట్లలోనే సుమారు 100 నుండి 200 టన్నుల కర్బనం ఉంటుంది. మొత్తం అమెజాన్ ప్రాంతపు చెట్లలోను, నేలలోను కలిపి 15,000 కోట్ల నుండి 20,000 కోట్ల టన్నుల కర్బనం ఉన్నదని అంచనా.

ప్రపంచవ్యాప్తంగా మానవుల వలన వెలువడే హరితగృహ వాయువులలో సుమారు పదో వంతు అడవుల నరికివేత నుండి వస్తున్నది. బొగ్గు, చమురు, సహజవాయువుల వాడకం తగ్గించకుండా అడవులను మాత్రమే కాపాడితే భూతాపం ఆగదు. అయితే అడవులు నశిస్తుండగా ఇతర ఉద్గారాలను మాత్రమే తగ్గించినా లక్ష్యం నెరవేరదు.

ఎగిరే నదులు

అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలులు అమెజాన్ తూర్పు భాగంలో వర్షిస్తాయి. ఆ నీటిని చెట్ల వేళ్ళు పీల్చుకోగా, ఆకుల ద్వారా అది ఆవిరై తిరిగి గాలిలో చేరి మరికొంత పడమట మరల వర్షిస్తుంది. అమెజాన్ వర్షంలో దాదాపు సగం ఈ విధంగా అడవే తిరిగి అందిస్తున్నదని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి 1970లలో నీటి ఐసోటోపుల పరిశీలన ద్వారా చూపాడు. ఈ తేమగాలులు ఆండీస్ పర్వతాలను తాకి దక్షిణానికి మళ్ళి, బ్రెజిల్ దక్షిణ ప్రాంతపు పంటపొలాలకు, జలాశయాలకు నీరందిస్తాయి. వీటికి 'ఎగిరే నదులు' అని పేరు. అడవిని కొట్టి సాగు చేసే రైతు పంట కూడా ఈ వర్షం మీదనే ఆధారపడి ఉన్నది.

తిరిగి రాని స్థితి

నరికివేత ఒక హద్దు దాటితే వర్షాలు తగ్గి, మిగిలిన అడవి తనంతట తానే ఎండిపోయి, పొదలు గడ్డి కలిసిన మైదానంగా మారే ప్రమాదమున్నది. భూతాపం, మంటలు తోడైనపుడు అమెజాన్‌లో 20 నుండి 25 శాతం నరికివేతకే ఈ హద్దు రావచ్చునని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే అనే శాస్త్రవేత్తలు 2018లో హెచ్చరించారు. మొత్తం అమెజాన్‌లో ఇప్పటికి సుమారు 17 శాతం అడవి నశించినది. బ్రెజిల్ భాగంలో ఇది సుమారు 20 శాతం. అనగా 8 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయినది. ఇది ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండూ కలిపిన విస్తీర్ణానికి సుమారు మూడు రెట్లు.

లూసియానా గాట్టి నాయకత్వంలో శాస్త్రవేత్తలు 2010 నుండి 2018 వరకు చిన్న విమానాల ద్వారా అడవిపై గాలి నమూనాలను సేకరించి పరీక్షించారు. ఎక్కువగా నరికివేతకు గురైన ఆగ్నేయ అమెజాన్ తాను పీల్చుకొనే కర్బనం కంటె ఎక్కువ కర్బనాన్ని విడుదల చేస్తున్నదని 2021లో ప్రచురించిన వారి పరిశోధన తెలిపినది. 2005, 2010, 2015-16, 2023, 2024 సంవత్సరాలలో అమెజాన్‌లో తీవ్రమైన అనావృష్టి ఏర్పడినది. మనౌస్ నగరం వద్ద నీగ్రో నది నీటిమట్టం 1902లో కొలతలు మొదలైన తరువాత ఎన్నడూ లేనంతగా 2023లో పడిపోయినది. మరుసటి సంవత్సరమే అంతకంటె దిగువకు చేరినది.

అడవి నశించే విధానం

కలప కోత

సాధారణంగా అడవిలోకి ముందుగా ప్రవేశించేవారు కలప వ్యాపారులు. వారు అడవినంతటినీ కొట్టరు. మహాగని, ఇపే వంటి విలువైన చెట్లను మాత్రమే ఎంచి కొడతారు. ఉపగ్రహ చిత్రంలో అటువంటి అడవి దాదాపు మామూలుగానే కనిపించవచ్చును. కాని ఒక మహావృక్షం కూలినపుడు తీగలతో దానికి పెనవేసుకొని ఉన్న పక్క చెట్లు కూడా కూలుతాయి. దుంగలను ఈడ్చుకు వెళ్ళే యంత్రాలు మొక్కలను నలిపివేస్తాయి. ఆకుల కప్పులో ఏర్పడిన ఖాళీల గుండా ఎండ నేలకు దిగి, రాలిన ఆకులను, విరిగిన కొమ్మలను ఎండబెడుతుంది.

చెక్కుచెదరని వర్షారణ్యం తేమ వలన సులభంగా అంటుకోదు. కలప తీసిన అడవి అంటుకుంటుంది. పక్కనున్న పచ్చికబయలులో పెట్టిన మంట దానిలోకి పాకుతుంది. ఒకసారి కాలిన అడవి మరుసటిసారి మరింత తేలికగా కాలుతుంది.

రహదారులు

దుంగలను తరలించటానికి వేసిన దారుల వెంట ఇతరులు అడవిలోకి వస్తారు. బ్రెజిల్ అమెజాన్‌లో నరికివేతలో సుమారు 95 శాతం రహదారులకు 5.5 కిలోమీటర్ల లోపు గాని, పడవలు తిరిగే నదులకు ఒక కిలోమీటరు లోపు గాని జరిగినదని 2014లో వెలువడిన ఒక పరిశోధనలో తేలినది. రొండోనియా రాష్ట్రపు ఉపగ్రహ చిత్రాలలో ప్రధాన రహదారి నుండి రెండు వైపులకు చీలిన దారులు, వాటి వెంట నరికిన అడవి చేపముల్లు ఆకారంలో కనిపిస్తాయి.

భూకబ్జా, పశుపోషణ

కలప అమ్మిన డబ్బు తరచు మిగిలిన చెట్లను కొట్టించటానికి పెట్టుబడి అవుతుంది. కొట్టిన అడవిని ఎండనిచ్చి తగలబెట్టి గడ్డి విత్తనాలు చల్లుతారు. పశువులు మేస్తున్న భూమి 'వాడుకలో ఉన్న భూమి' క్రిందకు వస్తుంది కనుక ప్రభుత్వ భూమిని ఆక్రమించినవారు తరువాత పట్టా పొందవచ్చునని ఆశిస్తారు. ఇటువంటి ఆక్రమణను అక్కడ 'గ్రిలాజెమ్' అంటారు. పోర్చుగీసు భాషలో 'గ్రిలో' అనగా కీచురాయి. దొంగ పత్రాలను కీచురాళ్ళతో కలిపి పెట్టెలో ఉంచితే అవి పసుపు పచ్చబడి, అంచులు చిరిగి పాత దస్తావేజులవలె కనిపించేవని, అందుకే ఆ పేరు వచ్చినదని చెబుతారు. అమెజాన్‌లో నరికిన భూమిలో అత్యధిక భాగం పచ్చికబయళ్ళుగానే మారినది. సోయా సాగు, బంగారు గనులు, జలవిద్యుత్ ఆనకట్టలు ఇతర కారణాలు.

చరిత్ర

బ్రెజిల్ సైనిక ప్రభుత్వం 1970లో ట్రాన్స్ అమెజాన్ రహదారి నిర్మాణం ప్రారంభించినది. దేశంలోని భూమిలేని పేదలను అడవిలో స్థిరపరచటం దీని ప్రకటిత ఉద్దేశం. పెద్ద పశువుల క్షేత్రాలకు పన్ను రాయితీలు, చౌక రుణాలు ఇచ్చారు. 1980లలో ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో రొండోనియాకు రహదారి పడిన తరువాత అక్కడి అడవి వేగంగా తరిగిపోయినది.

దీనిని ఎదిరించినవారిలో ఆక్రే రాష్ట్రపు రబ్బరు గీత కార్మికులు ముఖ్యులు. మన ప్రాంతంలో తాటిచెట్టును గీసి కల్లు తీసినట్లే వారు అడవిలోని రబ్బరు చెట్లను గీసి పాలు సేకరిస్తారు. చెట్టు నిలిచి ఉంటేనే వారికి జీవనం. షపూరికి చెందిన చీకో మెండెస్ (1944-1988) నాయకత్వంలో వారు కుటుంబాలతో సహా వెళ్ళి, చెట్లు కొట్టే కూలీలకు అడ్డుగా నిలబడి పని ఆపించేవారు. ఈ పద్ధతి హిమాలయ ప్రాంతంలో 1973లో మొదలైన చిప్కో ఉద్యమాన్ని పోలి ఉన్నది. 1988 డిసెంబరు 22న చీకో మెండెస్‌ను ఆయన ఇంటి వద్దనే కాల్చి చంపారు. ఒక పశువుల క్షేత్రపు యజమానికి, అతని కుమారునికి ఈ హత్య కేసులో శిక్ష పడినది.

చీకో మెండెస్ కోరిన 'సేకరణ అభయారణ్యాలు' ఆయన మరణానంతరం 1990లో ఏర్పడ్డాయి. వీటిలో భూమి ప్రభుత్వానిదే. అక్కడ నివసించేవారికి రబ్బరు, బ్రెజిల్ గింజలు వంటి అటవీ ఉత్పత్తులు సేకరించుకొనే హక్కు ఉంటుంది. 1988 నాటి బ్రెజిల్ రాజ్యాంగం మూలవాసులకు వారు తరతరాలుగా నివసిస్తున్న భూములపై హక్కును గుర్తించినది. అదే సంవత్సరం నుండి బ్రెజిల్ జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇన్పే) ఉపగ్రహ చిత్రాల ద్వారా ఏటా నరికివేతను లెక్కిస్తున్నది.

2004 కార్యాచరణ ప్రణాళిక

2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి నశించినది. ఇది తెలంగాణ విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతు. లూలా ద సిల్వా ప్రభుత్వంలో పర్యావరణ మంత్రిగా ఉన్న మరీనా సిల్వా ఆధ్వర్యంలో ఆ సంవత్సరమే నరికివేత నివారణకు ఒక కార్యాచరణ ప్రణాళిక మొదలైనది. మరీనా సిల్వా ఆక్రేలో రబ్బరు గీత కార్మికుల కుటుంబంలో జన్మించినది, చీకో మెండెస్‌తో కలిసి పనిచేసినది. ఈ ప్రణాళికను పర్యావరణ శాఖకే వదిలివేయక అనేక మంత్రిత్వ శాఖలను ఇందులో భాగస్వాములను చేసారు. ముఖ్యమైన చర్యలు ఇవి:

* ఉపగ్రహ నిఘా: సంవత్సరం చివర వచ్చే లెక్కల వలన జరిగిన నష్టం తెలిసేది గాని, నరికేవారు దొరికేవారు కాదు. 2004లో ఇన్పే 'డిటెర్' అనే సత్వర హెచ్చరిక వ్యవస్థను ప్రారంభించినది. నరికివేత జరుగుతుండగానే ఆ స్థలం వివరాలు అటవీ తనిఖీ అధికారులకు చేరసాగాయి.

* చట్టం అమలు: పర్యావరణ సంస్థ ఇబామా, ఫెడరల్ పోలీసులు కలిసి దాడులు జరిపారు. 2005లో మతో గ్రొసో రాష్ట్రంలో అక్రమ కలప వ్యాపారంపై జరిపిన దాడులలో ఇబామాకు చెందిన ఉద్యోగులు కూడా అరెస్టయ్యారు. ఆ దాడులకు 'కురుపీరా' అని పేరు పెట్టారు. బ్రెజిల్ జానపద కథలలో కురుపీరా పాదాలు వెనుకకు తిరిగి ఉండే అటవీ రక్షకుడు.

* రక్షిత ప్రాంతాలు: 2005 ఫిబ్రవరి 12న పారా రాష్ట్రంలోని అనాపులో పేద రైతుల పక్షాన, అడవి పక్షాన పనిచేస్తున్న డొరొతీ స్టాంగ్ అనే సన్యాసిని హత్యకు గురైనది. ఆ తరువాత కొద్ది రోజులలోనే ప్రభుత్వం అదే రాష్ట్రంలో విశాలమైన క్రొత్త రక్షిత ప్రాంతాలను ప్రకటించినది. నరికివేత ముందుకు సాగే దారిలోనే వీటిని ఏర్పాటు చేయటం విశేషం.

* రుణ నియంత్రణ: 2008 నుండి పర్యావరణ నిబంధనలను పాటించని భూములకు బ్యాంకు వ్యవసాయ రుణాలు నిలిపివేసారు. నరికివేత అధికంగా ఉన్న స్థానిక పాలనా ప్రాంతాల జాబితా ప్రకటించి, వాటిపై ప్రత్యేక నిఘా పెట్టారు.

* సోయా నిషేధ ఒప్పందం: 2006 జూలైలో పెద్ద సోయా వ్యాపార సంస్థలు క్రొత్తగా నరికిన అమెజాన్ భూములలో పండిన సోయాను కొనబోమని అంగీకరించాయి. తరువాత 2008 జూలైని గడువు తేదీగా నిర్ణయించారు. 2009లో పెద్ద మాంస సంస్థలు కూడా ఇటువంటి ఒప్పందాలు చేసుకొన్నాయి.

పరగోమినాస్ ఉదాహరణ

పారా రాష్ట్రంలోని పరగోమినాస్ పట్టణం 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో కలప కోత మిల్లులకు పేరుపొందినది. చుట్టుపక్కల విలువైన కలప తరిగిపోగా అనేక మిల్లులు మూతపడ్డాయి. 2008లో ఇది నరికివేత అధికంగా ఉన్న ప్రాంతాల జాబితాలో చేరినది. రుణాలు ఆగిపోవటంతో స్థానిక పాలకులు, భూస్వాములు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక ఒడంబడికకు వచ్చి, భూములలో ఎక్కువ భాగాన్ని పర్యావరణ రిజిస్టరులో నమోదు చేయించారు. 2010లో ఆ జాబితా నుండి బయటపడిన మొదటి ప్రాంతం ఇదే. ఒక్కొక్క రైతుపై కాక ప్రాంతమంతటిపై బాధ్యత పెట్టటం వలన ఇరుగుపొరుగువారు ఒకరినొకరు గమనించుకోవలసి వచ్చినది.

ఫలితాలు

ఇన్పే లెక్కల ప్రకారం బ్రెజిల్ అమెజాన్‌లో ఏటా నశించిన అడవి వివరాలు క్రింద ఇవ్వబడినవి. ప్రతి లెక్కా ముందు సంవత్సరం ఆగస్టు నుండి ఆ సంవత్సరం జూలై వరకు వర్తిస్తుంది.

* 1995 - సుమారు 29,000 చదరపు కిలోమీటర్లు
* 2004 - సుమారు 27,800 చదరపు కిలోమీటర్లు
* 2012 - సుమారు 4,600 చదరపు కిలోమీటర్లు
* 2021 - సుమారు 13,000 చదరపు కిలోమీటర్లు
* 2023 - సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు
* 2024 - సుమారు 6,300 చదరపు కిలోమీటర్లు
* 2025 - సుమారు 5,800 చదరపు కిలోమీటర్లు

2004 తరువాతి తొలి సంవత్సరాలలో సోయా, పశుమాంసపు ధరలు పడిపోవటం కూడా నరికివేత తగ్గటానికి కొంత తోడ్పడినది. అయితే ధరలు మరల పెరిగిన తరువాత కూడా 2012 వరకు నరికివేత తగ్గుతూనే వచ్చినది. ఇది విధానాల ప్రభావమేనని పరిశోధకుల అభిప్రాయం. సోయా రైతులు క్రొత్త అడవికి బదులు అంతకు ముందే నరికిన పచ్చికబయళ్ళలో సాగు చేసి ఉత్పత్తిని పెంచారు.

మూలవాసుల భూముల పాత్ర కూడా గమనింపదగినది. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే మ్యాప్‌బయోమాస్ సంస్థ ప్రకారం 1990 నుండి 2020 వరకు బ్రెజిల్ మూలవాసుల భూములలో సహజ వృక్షసంపద సుమారు ఒక శాతం మాత్రమే తగ్గగా, ప్రైవేటు భూములలో సుమారు 20 శాతం తగ్గినది. 1961లో ఏర్పడిన షింగు మూలవాసుల ఉద్యానవనం నేడు ఉపగ్రహ చిత్రాలలో పొలాల నడుమ పచ్చని ద్వీపంవలె కనిపిస్తుంది.

తిరోగమనం, పునరుద్ధరణ

2012లో బ్రెజిల్ అటవీ చట్టాన్ని సవరించారు. అమెజాన్ అడవిలో భూయజమాని తన భూమిలో 80 శాతం అడవిగా ఉంచాలన్న నియమం కొనసాగినది. కాని 2008 జూలైకి ముందు జరిగిన అక్రమ నరికివేతలలో అనేకానికి క్షమాభిక్ష లభించినది. ఆ తరువాత నరికివేత క్రమంగా పెరగసాగినది.

2019లో అధికారానికి వచ్చిన జయీర్ బోల్సొనారో ప్రభుత్వం పర్యావరణ సంస్థలను బలహీనపరచినది. నరికివేత పెరిగినదన్న ఇన్పే లెక్కలను అధ్యక్షుడు బహిరంగంగా తప్పుపట్టగా, వాటిని సమర్థించిన సంస్థ అధిపతి రికార్డో గల్వావ్‌ను 2019 ఆగస్టులో పదవి నుండి తొలగించారు. 2022 జూన్‌లో జవారీ లోయలో మూలవాసుల హక్కుల కోసం పనిచేస్తున్న బ్రూనో పెరీరా, బ్రిటిష్ పాత్రికేయుడు డామ్ ఫిలిప్స్ హత్యకు గురయ్యారు.

2023 జనవరిలో లూలా తిరిగి అధ్యక్షుడు కాగా మరీనా సిల్వా తిరిగి పర్యావరణ మంత్రి అయినది. పాత ప్రణాళికను పునరుద్ధరించారు. 2022తో పోలిస్తే 2025 నాటికి నరికివేత సగానికి తగ్గినది. అయితే 2024లో అనావృష్టి వలన మంటలు విపరీతంగా వ్యాపించాయి. ఆ సంవత్సరం ప్రపంచంలో 67 లక్షల హెక్టార్ల ఉష్ణమండల ఆదిమ అడవి నశించినదని, అందులో దాదాపు సగానికి మంటలే కారణమని ప్రపంచ వనరుల సంస్థ ప్రకటించినది. నరికివేతను అదుపు చేసినా భూతాపం అదుపు కాకపోతే అడవికి రక్షణ లేదని దీని వలన తెలుస్తున్నది.

కలప వ్యాపారంపై నియంత్రణ

బ్రెజిల్ 2001లో మహాగని కోతను నిలిపివేసినది. 2002లో అంతరించే జాతుల వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం క్రింద మహాగనిని నియంత్రిత జాబితాలో చేర్చగా, 2003 నుండి అమలులోకి వచ్చినది. ఇపే కలపపై ఇటువంటి నియంత్రణ 2024 నవంబరులో మొదలైనది.

అడవిని నాశనం చేయకుండా కలప తీయవచ్చునా అన్నది చర్చనీయాంశం. బ్రెజిల్ 2006లో ప్రభుత్వ అడవులలో కలప కోతకు లైసెన్సులిచ్చే చట్టం చేసినది. దీని ప్రకారం ముందుగా ప్రతి పెద్ద చెట్టునూ లెక్కించి పటంలో గుర్తించాలి, పెనవేసుకొన్న తీగలను ముందే కోయాలి, చెట్టును నిర్ణయించిన వైపుకే పడేటట్లు కొట్టాలి. అదే చోట మరల కోతకు సాధారణంగా 25 నుండి 35 సంవత్సరాలు ఆగాలి. ఈ పద్ధతి వలన నష్టం తగ్గుతుంది. విలువైన చెట్లు తిరిగి పెరగటానికి ఆ వ్యవధి చాలదని విమర్శకులు అంటారు. అడవికి ఆదాయం లేకపోతే అది పచ్చికబయలు అవుతుందని సమర్థకులు అంటారు.

అక్రమ కలపను సక్రమంగా చూపించే మోసాలు మరొక సమస్య. అనుమతి పొందిన అడవిలో లేని ఇపే చెట్లను ఉన్నట్లు జాబితాలో వ్రాస్తే, వాటి పేరిట రవాణా పత్రాలు వస్తాయి. ఆ పత్రాలతో రక్షిత ప్రాంతాలలో కొట్టిన దుంగలను మిల్లులకు చేరుస్తారు. విదేశీ కొనుగోలుదారులను నియంత్రించటానికి అమెరికా 2008లోను, ఐరోపా సమాఖ్య 2010లోను అక్రమ కలపపై చట్టాలు చేసాయి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన మరింత విస్తృతమైన చట్టం అమలు పలుమార్లు వాయిదా పడినది. అయితే అమెజాన్ కలపలో ఎక్కువ భాగం బ్రెజిల్‌లోనే ఖర్చవుతున్నది కనుక విదేశీ చట్టాలు మాత్రమే చాలవు.

అంతర్జాతీయ సహకారం

నిలిచి ఉన్న అడవి ప్రపంచమంతటికీ మేలు చేస్తుంది, కాని దానిని కాపాడే ఖర్చు స్థానికులపై పడుతుంది. ఈ వ్యత్యాసాన్ని సరిచేయటానికి 2005లో మాంట్రియల్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సులో పాపువా న్యూగినియా, కోస్టారికా దేశాలు ఒక ప్రతిపాదన చేసాయి. నరికివేత తగ్గించిన దేశాలకు ఆ మేరకు ప్రతిఫలం ఇవ్వాలన్నది దాని సారాంశం. 'రెడ్' అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతి 2015 పారిస్ ఒప్పందంలోను చోటు చేసుకొన్నది.

2008లో బ్రెజిల్ ఏర్పరచిన అమెజాన్ నిధికి నార్వే 100 కోట్ల డాలర్ల వరకు ఇస్తామని వాగ్దానం చేసినది. జర్మనీ కూడా సహాయం అందించినది. డబ్బు ముందుగా కాక, నరికివేత తగ్గిన తరువాత చెల్లించటం ఈ నిధి ప్రత్యేకత. 2019లో నిలిచిపోయిన ఈ నిధి 2023లో తిరిగి పనిచేయసాగినది. 2009లో నార్వే గయానాతో కూడా ఇటువంటి ఒప్పందం చేసుకొన్నది.

2021లో గ్లాస్గో సదస్సులో 140కి పైగా దేశాలు 2030 నాటికి అడవుల నాశనాన్ని ఆపుతామని ప్రకటించాయి. 2025 నవంబరులో అమెజాన్ ముఖద్వార నగరమైన బెలేమ్‌లో జరిగిన సదస్సు సందర్భంగా బ్రెజిల్ 'ఉష్ణమండల అడవుల శాశ్వత నిధి'ని ప్రారంభించినది. నిలిచి ఉన్న ప్రతి హెక్టారు అడవికి ఏటా సుమారు 4 డాలర్లు చెల్లించటం, అందులో కనీసం ఐదో వంతు మూలవాసులకు, స్థానిక సమాజాలకు చేర్చటం దీని లక్ష్యం.

విమర్శలు, మిగిలిన సమస్యలు

* కర్బన పరపతుల (కార్బన్ క్రెడిట్ల) అమ్మకంపై తీవ్ర విమర్శలున్నవి. ఎలాగూ నరకబోని అడవిని కాపాడినట్లు చూపటం, ఒకచోట ఆపిన నరికివేత మరొకచోటికి జరగటం, కాపాడిన అడవి తరువాత కాలిపోవటం ఇందులోని ముఖ్య లోపాలు.
* మాంస సంస్థలు తమకు నేరుగా పశువులను అమ్మేవారినే పరిశీలిస్తున్నాయి. అక్రమ భూమిలో పుట్టి పెరిగిన దూడ మధ్యలో సక్రమమైన క్షేత్రానికి మారితే దాని పూర్వాపరాలు తెలియవు.
* 2025లో బ్రెజిల్ వ్యాపార పోటీ నియంత్రణ సంస్థ సోయా ఒప్పందంపై విచారణ చేపట్టినది. స్వచ్ఛంద ఒప్పందాలు చట్టానికి ప్రత్యామ్నాయం కాలేవని దీని వలన తెలుస్తున్నది.
* ఒక దేశంలో నిఘా పెరిగితే ఒత్తిడి పొరుగుదేశాలకు మళ్ళవచ్చును. కొలంబియాలో 2016 శాంతి ఒప్పందం తరువాత తిరుగుబాటుదారులు వదిలి వెళ్ళిన అడవులలో నరికివేత పెరిగినది. అమెజాన్ దేశాలు 2023 ఆగస్టులో బెలేమ్‌లో సమావేశమైనా, నరికివేత ఆపటానికి ఉమ్మడి గడువుపై అంగీకారానికి రాలేదు.
* ఉపగ్రహాలు పూర్తి నరికివేతను బాగా చూపగలవు గాని, కలప కోత వలన, మంటల వలన అడవి లోలోపల క్షీణించటాన్ని అంత స్పష్టంగా చూపలేవు. అందువలన పై లెక్కలు తగ్గినపుడు కూడా అడవి క్షీణత కొనసాగవచ్చును.

నరికిన అడవిని వదిలివేస్తే కొన్ని దశాబ్దాలలో చెట్లు తిరిగి పెరిగి కర్బనాన్ని గ్రహిస్తాయి. కాని ఆదిమ అడవిలోని కర్బన నిల్వ, జీవవైవిధ్యం పూర్తిగా తిరిగి రావటానికి అంతకంటె చాలా ఎక్కువ కాలం పడుతుంది. కనుక క్రొత్తగా మొక్కలు నాటటం కంటె ముందుగా ఉన్న అడవిని నిలుపుకోవటమే ప్రధానమని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

* అమెజాన్ నది
* భూతాపం
* చిప్కో ఉద్యమం
* చీకో మెండెస్
* పారిస్ ఒప్పందం